మూడో వీధి మీద నిఘా

రాజమహేంద్రవరం,
18 నవంబరు 2024

అక్కయ్యకి నమస్కారాలు,

బావగారికి దగ్గు తగ్గిందో లేదో రాయి. ఫోన్ చేస్తే ఆయనే ఎత్తి "అంతా బాగానే ఉందమ్మా" అని పెట్టేస్తారు. నీ చేతికిస్తే నీ చెవిమిషను ఈలేస్తుంది. నేనేం చెప్పినా నీకు వినపడదు, నువ్వు చెప్పేది వీధంతా వినపడుతుంది. అందుకే మళ్ళీ కాయితమూ కలమూ పట్టుకున్నాను. ఇన్నేళ్ళూ బళ్ళో పిల్లల చేత ఉత్తరాలు రాయించి మార్కులు వేశాను. ఇప్పుడు నాకు నువ్వు వెయ్యి.

అసలు సంగతి. మా కాలనీకి నిఘా కమిటీ పడింది. దానికి నేను కార్యదర్శిని. నవ్వకు.

దసరా సెలవుల్లో మా మూడో వీధిలో దొంగలు పడ్డారని చెప్పాను కదా. చివరింట్లో బీరువా పగలగొట్టారు. మా పెరట్లో బోర్లించిన ఇత్తడి గంగాళం ఎత్తుకుపోయారు. అది అమ్మది. పోలీసులకి చెబితే, ఎంత పాతదండీ, ఎంత బరువుంటుందండీ అని అడిగారు. అమ్మ అందులో కుంకుడుకాయ పులుసు కలిపి మనిద్దరికీ వరసగా తలలు రుద్దేదని వాళ్ళకేం చెబుతాను? నాకు నిజంగా ఏడుపొచ్చింది. మీ మరిదిగారు కొత్తది కొంటానన్నారు. కొత్తదాంట్లో అమ్మ ఉండదు కదా.

అందుకే కమిటీలో చేరాను. మా అధ్యక్షులు వేంకటేశ్వర్లు గారు, నీటిపారుదల శాఖలో చేసి రిటైరైనాయన. ప్రతి గేటుకీ ఒక బోర్డు పెట్టాలని తీర్మానం చేశాం. దాని మీద ఏం రాయాలని మూడు మీటింగులు కొట్టుకున్నాం. చివరికి నా మాటే నెగ్గింది: "ఈ వీధిని మేమంతా చూస్తున్నాం." దాని పైన రెండు కళ్ళు వెయ్యమన్నాం. ఆ పెయింటరు గుళ్ళకీ, జాతర రథాలకీ రంగులేసే మనిషి. అతనికి కళ్ళంటే అమ్మవారి కళ్ళే. పెద్ద పెద్ద కళ్ళు, కాటుకరేఖలు, ఒంపు తిరిగిన కనుబొమలు, పైన నుదురూ పాపిటా కూడా వేసేశాడు. దొంగ చూస్తే భయపడాలండీ అంటే, భయపడతాడమ్మా, దణ్ణం కూడా పెడతాడు అన్నాడు.

గేట్లు ఎప్పుడూ వేసుండాలి, ముఖం తెలియనివాళ్ళకి తియ్యకూడదు, అనుమానం వస్తే గ్రూపులో పెట్టాలి. ఇవన్నీ నేనే రాసిచ్చాను. రాస్తున్నంతసేపూ మన పట్టిసీమ ఇల్లే గుర్తొచ్చింది. మన వీధి తలుపుకి తాళం ఉండేదా అసలు? ఏ పెళ్ళికో వెళ్ళేటప్పుడు అమ్మ గొళ్ళెం పెట్టి దాన్లో ఓ చీపురుపుల్ల గుచ్చేది. ఆ పుల్ల చూసి, ఇంట్లో ఎవరూ లేరు అనుకుని కుక్క కూడా వెనక్కి పోయేది. ఆ రోజులు వేరు.

నీ మోకాలి సంగతి డాక్టరు ఏమన్నాడో రాయి.

నీ చెల్లెలు,
కౌముది


జంగారెడ్డిగూడెం,
27 నవంబరు 2024

కౌముదికీ, మా మరిదిగారికీ ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నవ్వుకోవడానికి, ఒకసారి గంగాళం కోసం ఏడవడానికి. ఆ గంగాళం నాకివ్వవే అని అమ్మని ఎంత బతిమాలినా "చిన్నదానికే" అంది. నాకిచ్చుంటే మా పామాయిలు తోటలో పనివాళ్ళకి మజ్జిగ కలుపుకునేదాన్ని, ఏ దొంగా మొయ్యలేకపోయేవాడు. సరే, ఎవడి పొయ్యి దగ్గర ఉందో, వాడి పిల్లలైనా తలంట్లు పోసుకుంటే చాలు.

నువ్వేమో కార్యదర్శివి అయ్యావు. చిన్నప్పుడు మన జామచెట్టుకి కాపలా కూర్చోమంటే కాయలన్నీ నువ్వే తిని, చిలకలు తిన్నాయని చెప్పిన పిల్లవి. ఆ కాలనీవాళ్ళకి ఈ సంగతి తెలుసా?

మన వీధికి నిఘా లేదని రాశావు చూడు, అక్కడ నీకు సున్నా మార్కులు. మన వీధికి అప్పాయమ్మత్తయ్య ఉండేది కాదూ? నాన్నకి చెల్లెలు, మనకి మేనత్త, పక్కిల్లే మెట్టినిల్లు. వంట అవగానే అరుగు మీద చేరేది. సందు మొదట్లో చెప్పుల చప్పుడు వింటే మనిషెవరో చెప్పేది. కొత్తమనిషైతే "ఎవరింటికి నాయనా? ఎండనపడి వచ్చావు, మంచినీళ్ళు తాగుతావా?" అనేది. వాడు నీళ్ళు తాగేలోపు వాడి ఊరూ, పేరూ, ఇంటిపేరూ, పెళ్ళయిందో లేదో అన్నీ లాగేసేది. అంతా అయ్యాక దొంగతనం చెయ్యడానికి ఏ దొంగకి మొహం చెల్లుతుందే? మీ బోర్డు కళ్ళతో చూస్తుంది గానీ మంచినీళ్ళివ్వదు కదా.

అత్తయ్య పేరు ఊరికే ఎత్తలేదు. ఆవిడ మనవరాలు హారతికి సంబంధం కుదిరింది. మాఘమాసంలో పెళ్ళి, పట్టిసీమలో ఇంటి ముందే పందిరి. నిన్ను పిలవాలని ఆవిడ ఒకటే ఆరాటం. నువ్వొస్తావా? వస్తానని ఒక్క ముక్క రాయి, చెబుతాను. ఆవిడకి కళ్ళలో పొరలు కమ్మాయి, పెళ్ళయ్యాక గానీ ఆపరేషన్ చేయించుకోనని కూర్చుంది. పెద్దదైపోయింది కౌముదీ.

నాకు మోకాలు మార్చాలిట. సంక్రాంతి వెళ్ళాక చేస్తామన్నారు. కొత్త మోకాలితో మీ కాలనీలో పరేడ్ చేస్తాను.

ఉంటాను.
మీ అక్క,
సీతారామలక్ష్మి


రాజమహేంద్రవరం,
9 డిసెంబరు 2024

అక్కయ్యకి,

నమస్కారాలు పెట్టి కోపంతో మొదలుపెడుతున్నాను. అత్తయ్య పేరెత్తి నా కడుపు రగిల్చావు.

మా దుర్గాశ్రీ పెళ్ళి నీకు గుర్తుందా? నాకు అప్పుడు పరీక్షల డ్యూటీలు, తల ఎత్తే తీరిక లేదు. అయినా అందరికన్నా ముందు శుభలేఖ అత్తయ్యకే పంపాను. ఫోన్ చేశాను. కారు పంపుతానన్నాను. "చూద్దాంలేవే" అంది. ముహూర్తం దాకా ఆ హాలు గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాను. కన్యాదానం పీటల మీద కూర్చుని కూడా చూశాను. రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పటికీ చెప్పలేదు.

వేరే ఎవరైనా అయితే పోనీలే అనుకునేదాన్ని. అమ్మకి టైఫాయిడ్ వచ్చిన ఏడాదంతా నన్ను పెంచింది ఆవిడ. అమ్మ లేచాక కూడా నేను జడకి ఆవిడ దగ్గరికే పరిగెత్తేదాన్ని. అమ్మ వేస్తే బిగుతుగా లాగేది. అత్తయ్య కొబ్బరినూనె రాసి, చిక్కు తీసి, మధ్యలో ఒక కబురు చెప్పి, ఆ కబురు అయ్యేసరికి జడ కూడా అయిపోయేది. అలాంటి మనిషి నా కూతురి మీద అక్షింతలు వెయ్యడానికి రాలేదు. నాకు బాధ ఉండదా?

అందుకని ఖచ్చితంగా చెబుతున్నాను. కార్డు పంపితే రాను, ఫోన్ చేస్తే రాను, నువ్వు చెబితే అసలే రాను. ఆవిడ నా గుమ్మంలోకొచ్చి, నాకు బొట్టు పెట్టి, రావే అనాలి. అప్పుడు హారతి పెళ్ళికి ముందురోజే వచ్చి పందిట్లో పడుకుంటాను. ఈ మాట ఆవిడతో చెప్పినా నాకేం అభ్యంతరం లేదు.

ఇక మా బోర్డులు. పెట్టిన దగ్గర్నుంచీ వీధి నిశ్శబ్దంగా ఉంది. ఎంత నిశ్శబ్దమంటే, నెలకోసారి ఆత్రేయపురం నుంచి మోటారుసైకిలు మీద పూతరేకులు తెచ్చే అతను బోర్డు చదివి వెనక్కి తిరిగిపోయాడు. మీ మరిదిగారు వెనకాల లుంగీతో పరిగెత్తినా దొరకలేదు. అప్పట్నుంచీ నన్ను కార్యదర్శి గారూ అని పిలుస్తున్నారు, మామూలుగా మాట్లాడ్డం లేదు. వాచ్‌మన్ బుల్లియ్య మటుకు సంతోషంగా ఉన్నాడు, బోర్డు మీది కళ్ళు తనకన్నా మెలకువగా ఉంటాయట.

బావగారిని మఫ్లరు కట్టుకోమను.

కౌముది


జంగారెడ్డిగూడెం,
22 జనవరి 2025

కౌముదీ,

ఆశీస్సులు. మంచం మీద పడుకుని రాస్తున్నాను, అక్షరాలు దొర్లితే ఏమనుకోకు. మోకాలు మార్చారు. డాక్టరు నెలన్నర దాకా గడప దాటొద్దన్నాడు. అంటే హారతి పెళ్ళికి నేను లేను. ఈ మాట రాస్తుంటేనే ఏదోలా ఉంది. మనిద్దరిలో ఒక్కరైనా అక్కడ ఉండాలి. ఇప్పుడు నువ్వే దిక్కు.

నిన్న అత్తయ్య వచ్చింది. పోలవరం నుంచి బస్సెక్కి, ఒక్కత్తీ. చేతిలో సంచీ, సంచీలో కుంకుమ భరిణె, అంతే. మంచం పక్కన కూర్చుని నాకు బొట్టు పెట్టి, పెళ్ళికి రావాలమ్మా అంది. ఎలా వస్తానత్తయ్యా, కాలు చూడు అంటే, "రాలేవని తెలుసు. పిలవడం నా వంతు" అంది. ఆ తర్వాత మా ఇంటికి అటూ ఇటూ ఉన్నవాళ్ళనీ, ఎదురింటివాళ్ళనీ కూడా పిలిచొచ్చింది. పిలుపుకి వెళ్ళినప్పుడు ఆ వరసలో ఇల్లు వదిలేస్తే, వాళ్ళకి లోటు చేసినట్టేనట. ఎదురింటి క్రైస్తవులకి బొట్టు పెట్టకుండా చెయ్యి పట్టుకుని చెప్పి వచ్చింది. ఆ తెలివి మనకి లేదు.

నీ షరతు చెప్పాను. కోప్పడుతుందేమోనని భయపడుతూనే చెప్పాను. ఆవిడ నవ్వింది. దానికి ఆ మాత్రం పౌరుషం ఉండాలి, నేను జడలేసిన పిల్ల అంది. తర్వాత దుర్గాశ్రీ పెళ్ళికి ఎందుకు రాలేదో అడిగాను.  "కార్డు వస్తే పోస్టుమేను పిలిచినట్టు అవుతుంది గానీ, కౌముది పిలిచినట్టు ఎలా అవుతుందే?" అంది. ఆ రోజు పొద్దున్నే పట్టుచీర కట్టుకుని అరుగు మీద కూర్చుందట. నీ తరఫున ఎవరో ఒకరు బొట్టు పెట్టడానికి వస్తారని. మధ్యాహ్నం దాకా చూసి, చీర మార్చుకుని పొలం వెళ్ళిపోయిందట.

నువ్వు చేసింది తప్పని నేననను. ఆవిడ చేసింది ఒప్పనీ అనను. మీ ఇద్దరూ ఒకే మట్టి.

వచ్చే వారంలో మీ ఇంటికి వస్తానంది. మీ గృహప్రవేశానికి చూసిన ఇల్లే కదా, కనుక్కుంటానంది. తోడు తీసుకెళ్ళవమ్మా, కళ్ళు సరిగా లేవు అంటే వినలేదు. మాఘ బహుళంలో ముహూర్తం, ఫిబ్రవరి పదహారు ఆదివారం. ఆవిడొచ్చిన రోజు ఏం వండావో, ఏం మాట్లాడుకున్నారో పూసగుచ్చినట్టు నాకు రాయాలి. మంచంలో ఉన్నదానికి అదే మందు.

మీ అక్క,
సీతారామలక్ష్మి


రాజమహేంద్రవరం,
3 ఫిబ్రవరి 2025

అక్కయ్యకి నమస్కారాలు,

మోకాలికి వేడినీళ్ళు పెట్టొద్దు, ఐసు పెట్టమన్నారు మా ఎదురింటి డాక్టరమ్మ. నువ్వు వినవని తెలుసు, బావగారికి కూడా చెప్పాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. పట్టుచీర సంగతి చదివాక నాకు ఆ పూట అన్నం సహించలేదు. ఆ మాట అప్పుడే ఎవరైనా చెప్పుంటే నేనే పరిగెత్తుకెళ్ళి బొట్టు పెట్టి ఉండేదాన్ని కదే. సరే, ఇప్పుడు ఆవిడే వస్తోంది కదా అని సంతోషించాను. ఆవిడకిష్టమని పనసపొట్టు తెప్పించి ఆవపెట్టి వండాను. గారెలకి పప్పు నానబోశాను. గురువారం రాలేదు. శుక్రవారం రాలేదు. శనివారం మళ్ళీ వండాను. బుల్లియ్యకి కూడా చెప్పి ఉంచాను, ఫలానా పెద్దావిడ వస్తుంది, దగ్గరుండి తీసుకురమ్మని. ఈ రోజు దాకా జాడ లేదు. మీ మరిదిగారూ నేనూ వరసగా పనసపొట్టు కూర తింటున్నాం.

నీతో అన్నది అక్కడే మర్చిపోయి ఉంటుంది. లేదా కౌముది దగ్గరికి నేను వెళ్ళేదేంటని మనసు మార్చుకుని ఉంటుంది. నాకు కోపం కూడా రావడం లేదు అక్కయ్యా, మనసు కష్టంగా ఉంది. ఒక్కసారి గుమ్మంలోకి రావడానికి అంత బరువైపోయానా?

ఇక్కడ మాకు వేరే గొడవ. జనవరి ఇరవయ్యారున పార్కులో జెండా ఎగరేశాక, కాలనీ వాళ్ళందరికీ కమ్యూనిటీ హాల్లో క్లాసు పెట్టాను. ముక్కూ మొహం తెలియని మనిషి గేటు దగ్గరకొస్తే ఏం చెయ్యాలి అని. మూడో వీధి మొత్తం వచ్చింది. బుల్లియ్యని కూడా పిలిపించి, విజిలు ఎలా వెయ్యాలో అందరి ముందూ వేయించాను. అయిపోయి ఇళ్ళకి వెళ్ళేసరికి ఏమైందనుకున్నావు? మా వరసలో ప్రతి బోర్డు మీదా ఎర్రటి గుర్తు! సరిగ్గా రెండు కళ్ళకీ మధ్యన, నుదుటి మీద. తుపాకీ గురి పెట్టినట్టు. ఇళ్ళని గుర్తుపెట్టుకోవడానికి దొంగలు ఇలాగే చేస్తారని గ్రూపులో ఎప్పట్నుంచో వస్తోంది. మేమంతా క్లాసులో ఉన్నప్పుడే వచ్చారంటే ఎంత ధైర్యం! ఆడవాళ్ళు వణికిపోయారు. చివరింటివాళ్ళు ఆ పూటే పిల్లల్ని అత్తారింటికి పంపేశారు.

నేనే దగ్గరుండి అన్నీ తుడిపించాను. మా గేటుది నేనే తడిగుడ్డ పెట్టి తుడిచాను. వీధి కెమెరాలో చూస్తే ఒక ఆడమనిషి. వంగి నడుస్తోంది, ఎండకి కొంగు మొహం మీదికి లాక్కుంది, చేతిలో సంచీ. ప్రతి గేటు దగ్గరా ఆగి, లోపలికి చూసి, గుర్తు పెట్టి వెళ్తోంది. ముసలివాళ్ళనైతే ఎవరూ అనుమానించరని వాళ్ళనే ముందు పంపుతారని పోలీసాయన అన్నాడు. ఆ ఫొటో పెద్దగా ప్రింటు తీయించి, "ఈమె కనబడితే వెంటనే తెలియజేయండి" అని రాసి వీధంతా నేనే అంటించాను. నీకూ ఒకటి పంపుతున్నాను. మీ వైపు తిరుగుతోందేమో చూసుకోండి. బావగారు తోటకి వెళ్ళినప్పుడు తలుపు తియ్యకు.

అత్తయ్య నుంచి ఏదైనా కబురొస్తే రాయి. రాకపోతే రాయకు.

కౌముది


జంగారెడ్డిగూడెం,
7 ఫిబ్రవరి 2025

ఒసేయ్ కౌముదీ,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. మీ బావగారిని బస్సెక్కించి పంపుతున్నాను. ఆయన్ని నోటితో చెప్పనివ్వకు, సగం మింగేసి సగం కలిపి చెబుతారు. నువ్వే చదువు. కూర్చుని చదువు.

నువ్వు పంపిన ఫొటోలో ఉన్నది అప్పాయమ్మత్తయ్య.

ఆ సంచీ మీ బావగారి పాత ప్యాంటు గుడ్డతో నేను కుట్టిచ్చిందే. ఆ వంగిన నడక నేను ఎక్కడ చూసినా పడతాను. నీకు జడలేసిన చెయ్యి, నీకు తెలియలేదుటే? కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూడు.

నీ కాయితం చేతిలో పట్టుకుని అరగంట కదల్లేదు నేను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆ తర్వాత నీ మీద కోపమొచ్చింది. బొట్టు చూస్తే పోల్చుకోలేనంత చదువు చదివావుటే? తలుపులు వేసున్నప్పుడు గడపకి బొట్టు పెట్టి వెళ్ళడం మన అమ్మ చెయ్యలేదా? మనం ఊళ్ళో లేనప్పుడు మన గడప మీద ఎన్ని బొట్లుండేవి! తిరిగిరాగానే అమ్మ వాటిని చూసి, ఎవరింట్లో ఏం శుభకార్యమో లెక్కకట్టేది. చీపురుపుల్ల గుర్తుంది గానీ నీకు ఇది గుర్తులేకపోయింది.

మీ బావగారు నిన్న పట్టిసీమ వెళ్ళొచ్చారు. అత్తయ్య చెప్పిందిది. బస్సు దొరికిందని ఆ జెండా పండగ ఆదివారమే వచ్చేసిందట. మీ కాలనీ గేటు దగ్గర కాపలా మనిషి లేడు. వీధిలో ఒక్కరు లేరు. ఇల్లు పోల్చుకోలేకపోయింది, అన్నీ ఒకేలా ఉన్నాయి. గేటుగేటుకీ నిలబడి అమ్మాయ్ అమ్మాయ్ అని పిలిచింది. ఎవరూ పలకలేదు. నీ ఇల్లేదో తెలియదు కాబట్టి వరసలో అందరినీ పిలిస్తే వాళ్ళలో నువ్వూ ఉంటావు కదా అనుకుందట. బొట్టు పెడదామంటే గడపలు అందవు, అన్నీ ఇనప గేట్లు. గేటు పక్కన ఆడమనిషి బొమ్మ కనపడింది. నుదురు బోసిగా ఉంది. అక్కడ పెట్టింది.

మీ బావగారితో ఇంకో మాట అందట. "ఆ బొమ్మ కళ్ళు మా వదిన కళ్ళలా ఉన్నాయయ్యా. బొట్టు పెడుతుంటే మా వదిననే పిలుస్తున్నట్టు అనిపించింది." ఆవిడ వదినంటే అమ్మే కదే.

ఆవిడ ఇప్పుడు ఎవరేమన్నా ఒకటే చెబుతోందట, నేను కౌముదిని పిలిచాను, అది వస్తుంది అని. నీ షరతు ఆవిడ తీర్చింది. ఎండలో, కళ్ళు కనపడకుండా, రెండు బస్సులు మారి తీర్చింది. నువ్వు తడిగుడ్డ పెట్టి తుడిచావు.

ఫొటో సంగతి ఆవిడకి తెలియనివ్వొద్దని మీ బావగారికి మరీమరీ చెప్పాను. ముందు వెళ్ళి ఆ కాయితాలు పీకెయ్. ఆ తర్వాత ఏం చేస్తావో నీ ఇష్టం. మీ బావగారికి భోజనం పెట్టి పంపు.

సీతారామలక్ష్మి


రాజమహేంద్రవరం,
19 ఫిబ్రవరి 2025

అక్కయ్యకి,

ఈ ఉత్తరం పెద్దది. మందులేసుకుని చదువు.

నీ కాయితం బావగారి ముందే చదివాను. మెట్ల మీద అలాగే కూర్చుండిపోయాను. మీ మరిదిగారు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చారు. కాయితం ఆయన చేతికిచ్చి వీధిలోకి వెళ్ళాను. ఒక్కో గోడ దగ్గరికీ వెళ్ళి ఆ ఫొటోలు పీకాను. జిగురు గట్టిగా వేయించింది నేనే. గోళ్ళతో గీకాల్సి వచ్చింది. ఒకచోట కొంగు వచ్చింది గానీ సంచీ పట్టుకున్న చెయ్యి రాలేదు. ఆ చేతిని గీకడానికి నాకు మనసొప్పలేదు. బుల్లియ్య నీళ్ళు చల్లి నెమ్మదిగా తీశాడు.

మర్నాడు పొద్దున్నే తలంటు పోసుకుని, కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళాను. దొంగ అనుకున్నది మా మేనత్తనండీ, మీ అందరినీ పెళ్ళికి పిలవడానికి వచ్చిందండీ అని చెప్పాను. కొందరు పకపకా నవ్వారు. చివరింటావిడ నవ్వలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాళ్ళమ్మ చనిపోయాక తనకి బొట్టు పెట్టి ఏ శుభకార్యానికీ ఎవరూ పిలవలేదట, అన్నీ ఫోన్లోకే వస్తున్నాయట. వేంకటేశ్వర్లు గారు మాత్రం ఆ బొట్లు తుడిపించకుండా ఉండాల్సిందమ్మా అని చాలాసేపు నసిగారు. బోర్డులు తీసెయ్యమని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. దొంగలు కూడా ఉన్నారు కదా. అమ్మ గంగాళం ఇంకా దొరకలేదు.

పెళ్ళికి ముందురోజు వెళ్ళలేదు అక్కయ్యా. ముఖం చెల్లలేదు. ఆదివారం తెల్లవారకుండానే మా వీధివాళ్ళు సగం మంది నాతో బయలుదేరారు. ఒక మినీబస్సు మాట్లాడుకున్నాం. కొవ్వూరు దాటాక గోదావరి పక్కనే దారి. మంచు ఇంకా విడలేదు, నది కనపడలేదు, తడివాసన మాత్రం వచ్చింది. పట్టిసీమ రేవు దగ్గర పడవవాళ్ళు టీ తాగుతున్నారు. నాన్న మనల్ని వీరభద్రుడి గుడికి పడవెక్కించిన చోటే. ఇప్పుడక్కడ పెద్ద పెద్ద పైపులూ, మోటార్లూ. అయినా ఆ వాసన అదే. నువ్వు పక్కనుంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

పందిట్లో అడుగుపెట్టాను. అత్తయ్య మధ్యలో కుర్చీలో కూర్చునుంది. ఎంత చిక్కిపోయిందే! మా వీధి ఆడవాళ్ళంతా వరసగా నిలబడ్డారు. నేను వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాను. తల మీద చెయ్యి వేసింది. చెప్పేద్దామని నోరు తెరిచేలోపు ఆవిడే అడిగింది.

"నా ఫొటో గోడలకి వేశారుటగా. బాగా వచ్చిందా?"

బావగారు అరటిచెట్టు వెనక్కి తప్పుకోవడం చూశాను. నీ మొగుడి నోట్లో నువ్వుగింజ నానదు అక్కయ్యా. నేను అక్కడే కింద కూర్చుని ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను, పెళ్ళిపెద్దలందరి ముందూ. ఆవిడ నా తల నిమరలేదు, ఓదార్చలేదు. చుట్టూ ఉన్నవాళ్ళని చూసి, "ఇది మా పెద్దన్నయ్య చిన్నకూతురు. రాజమండ్రిలో మేష్టారమ్మ. నేను పిలిస్తే వచ్చింది" అని చెప్పింది. అంతే.

కాసేపయ్యాక ఎవర్నో పిలిచి గంధం గిన్నె, కుంకుమ భరిణె, పన్నీరుబుడ్డి తెప్పించి నా చేతిలో పెట్టించింది.

"గేటు దగ్గర నిలబడి చూడ్డం నీకొచ్చుగా. వెళ్ళి పందిరి గుమ్మంలో నిలబడు. వచ్చిన ఆడవాళ్ళందరికీ బొట్టు పెట్టు. పెళ్ళింట్లో మీరెవరని ఎవర్నీ అడక్కు."

నిలబడ్డాను. పొద్దున్నుంచీ నిలబడ్డాను. ఎవరెవరో వచ్చారు. పోలవరం వైపు కొండల్లోంచి జీపుల్లో వచ్చారు, లంకల్లోంచి పడవల్లో వచ్చారు. ఒక్కరి పేరూ నాకు తెలియదు. అందరికీ గంధం రాసి, బొట్టు పెట్టి, లోపలికి దయచెయ్యండి అన్నాను. ఎవరండీ అని నాలిక చివరికి వచ్చేది, మింగేసేదాన్ని. కొంతసేపటికి అదీ పోయింది. ఒక ముసలావిడ నా గడ్డం పట్టుకుని, నువ్వు ఫలానావారి అమ్మాయివా అని అమ్మ పేరు చెప్పింది. అవునన్నాను. నీ కళ్ళు చూసి పోల్చానంది.

తలంబ్రాలు అయ్యాయి. రెండో పంక్తి భోజనాలకి లేచారు. నా వేళ్ళు ఎర్రగా అయిపోయాయి, నడుం పట్టేసింది. ఇంక వచ్చేవాళ్ళు లేరనుకుని భరిణె మూత పెట్టబోతున్నాను. అప్పుడు అత్తయ్య పెరటిదారిన బయటికెళ్ళి, గోడ పట్టుకుని ఇంటిచుట్టూ తిరిగి, వీధిలోంచి పందిరి గుమ్మంలోకి వచ్చింది. అందరిలాగే వచ్చి నా ముందు నిలబడింది. కళ్ళు కనపడక కొంచెం పక్కకి చూస్తోంది. అప్పుడు చూశాను, కట్టుకున్నది పాత పట్టుచీర. దుర్గాశ్రీ పెళ్ళినాడు కట్టి మార్చుకున్నది అదేనని తర్వాత హారతి చెప్పింది.

"నాకు పెట్టవటే?" అంది.

పెట్టాను అక్కయ్యా. కొంచెం వంకర వచ్చింది. సరిచెయ్యబోతే ఆవిడ ఉండనివ్వు అంది. లోపలికి రా అత్తయ్యా అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. ఇద్దరం ఒకే విస్తరి దగ్గర కూర్చున్నాం.

నీ చెల్లెలు,
కౌముది